క్లిప్పుల నొప్పి ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకు ఉంటుంది? మా అమ్మాయిది నిజమైన నొప్పేనా, భయమా?

ప్రశ్న (ఒక తల్లి, నల్లకుంట)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. పై పళ్ళు ముందుకు వచ్చి, కింది పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండటంతో వేసవి సెలవుల్లో పళ్ళకు క్లిప్పులు వేయించాము. నెలకోసారి వెళ్ళి వైరు మార్పించుకుని వస్తున్నాము. దాదాపు అదే సమయంలో మా ఆడపడుచు కొడుకుకు కూడా అదే డాక్టరుగారి దగ్గర క్లిప్పులు వేయించారు. ఆ అబ్బాయి వైరు మార్చిన రోజు రాత్రి కాస్త మెత్తటి అన్నం తిని పడుకుంటాడు, మర్నాడు మామూలుగా బడికి వెళ్తాడు. మా అమ్మాయికి మాత్రం ఆ రెండు మూడు రోజులూ నరకంగానే ఉంటోంది. పై పన్నూ కింది పన్నూ తగిలితే చాలు, ప్రాణం జివ్వుమంటోందని ఏడుస్తుంది. పెరుగన్నం కూడా నమలకుండా మింగేస్తుంది. రాత్రిళ్ళు సరిగా నిద్రపోదు. ఇప్పుడైతే వైరు మార్చడానికి వారం ముందు నుంచే కంగారు మొదలవుతోంది.

పోయిన నెల క్లినిక్కులో ఈ విషయం చెప్పుకుంటే, అక్కడి సహాయకురాలు పిల్ల ఎదురుగానే "ఇదంతా భయమేనమ్మా, నొప్పేమీ ఉండదు, ఇంతమందికి లేనిది ఈ అమ్మాయికే ఎందుకుంటుంది?" అన్నారు. ఆమె చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. కానీ అప్పటి నుంచి మా అమ్మాయి నొప్పి సంగతి నాకు చెప్పడమే మానేసింది. అడిగితే "ఏం లేదులే అమ్మా" అంటుంది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవి. ఇద్దరికీ ఒకే వైద్యం జరుగుతున్నప్పుడు నొప్పిలో ఇంత తేడా ఎలా వస్తుంది? భయం వల్ల నొప్పి పెరుగుతుందన్నది నిజమేనా, నిజమైతే ఇంట్లో మేము ఏం చేయాలి? ప్రతి నెలా నొప్పి మాత్ర ఇవ్వవచ్చా? మా అత్తగారు లవంగ నూనె రాయమంటున్నారు, అది పనిచేస్తుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1 (ఆర్థోడాంటిస్టు, అంటే పళ్ళ వరుస సరిచేసే దంత వైద్య నిపుణులు, హిమాయత్‌నగర్)

అమ్మా, మీ అమ్మాయిది నిజమైన నొప్పే. దానికి శరీరంలో స్పష్టమైన కారణం ఉంది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, తరువాత మనసు విషయానికి వస్తాను.

పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ నడుమ మిల్లీమీటరులో అయిదో వంతు మందం ఉండే తంతువుల పొర ఒకటి ఉంటుంది. వైరు పన్నును ఒక వైపుకు నెట్టినప్పుడు ఆ వైపు పొర నలిగి, అక్కడ రక్త ప్రసరణ తగ్గి, వాపు ప్రక్రియ మొదలవుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడీకైనిన్, సబ్‌స్టెన్స్ పి వంటి రసాయనాలు విడుదలై అక్కడి నరాల కొసలను సున్నితం చేస్తాయి. మామూలు రోజుల్లో నమిలినా తెలియని ఒత్తిడి అప్పుడు నొప్పిగా తోచడానికి కారణం ఇదే. ఎముక కరిగి, పన్ను జరిగి, కొత్త ఎముక ఏర్పడాలంటే ఈ ప్రక్రియ కొంత జరిగి తీరాలి. అందువల్ల ఏమాత్రం నొప్పి లేకుండా పళ్ళు జరుపుతామని ఎవరైనా హామీ ఇస్తే నేను నమ్మను.

వైరు వేసిన కొన్ని గంటలకు నొప్పి మొదలవుతుంది, సుమారు 24 గంటలకు బాగా ఎక్కువవుతుంది, మూడో రోజు నుంచి తగ్గుముఖం పట్టి వారానికల్లా దాదాపు పోతుంది. మీరు చెప్పిన రెండు మూడు రోజుల బాధ ఈ క్రమానికి సరిపోతోంది.

ఇక తేడా సంగతి. పళ్ళు ఎంత వంకరగా ఉంటే అంత నొప్పి వస్తుందని అందరూ అనుకుంటారు గానీ, పరిశోధనల్లో ఆ రెండింటికీ గట్టి సంబంధం కనబడలేదు. ఒకే వైరు, ఒకే బ్రాకెట్లు (వైరును పట్టి ఉంచడానికి పళ్ళకు అతికించే చిన్న బిళ్ళలు) వాడినా రోగులు చెప్పే నొప్పి చాలా తేడాగా ఉంటుంది. 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో చిన్నపిల్లల కంటే, పెద్దవారి కంటే పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ వయసువారే ఎక్కువ నొప్పిని చెప్పారు. చికిత్స మీద ఉన్న అభిప్రాయం కూడా ముఖ్యమే. తన పళ్ళు సరిచేయించుకోవాలని తానే కోరుకున్నవారు నొప్పికి త్వరగా అలవాటుపడతారు. పెద్దవాళ్ళ బలవంతం మీద వచ్చి కుర్చీలో కూర్చున్నవారికి అదే నొప్పి భరించరానిదిగా ఉంటుంది. క్లిప్పులు వేయించుకోవాలన్న కోరిక మీ అమ్మాయిదా, మీదా అన్నది ఒకసారి నెమ్మదిగా కనుక్కోండి.

మందుల విషయం. బరువుకు తగిన మోతాదులో పారాసిటమాల్ రెండు రోజుల పాటు ఇవ్వడంలో సాధారణంగా ఇబ్బంది లేదు, కానీ మోతాదును మీ డాక్టరుగారినే అడగండి. ఐబుప్రోఫెన్ కూడా పనిచేస్తుంది. అయితే అది ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటుంది కాబట్టి ఎక్కువ రోజులు వాడితే పంటి కదలిక నెమ్మదించవచ్చని జంతువులపై జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఒకటి రెండు మాత్రలతో అంత ముప్పు లేదు. మన ఊళ్ళో వానాకాలంలో ఇంకొక జాగ్రత్త తప్పనిసరి. పిల్లకు జ్వరం కూడా ఉంటే, అది డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్ గానీ ఆస్పిరిన్ గానీ ఇవ్వకండి, వాటి వల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

లవంగ నూనె వద్దండీ. ఈ నొప్పి ఎముక లోపల, వేరు చుట్టూ ఉంటుంది కాబట్టి పైన రాసిన నూనె అక్కడికి చేరదు, పైగా చిగురు పొక్కే అవకాశం ఉంది.

ఒక్క హెచ్చరిక. భయం ఎక్కువ ఉన్న పిల్ల అని పేరు పడ్డాక అసలు సమస్యలు కూడా ఆ పేరు కింద కొట్టుకుపోతుంటాయి, అందుకే చెబుతున్నాను. ఒకే ఒక్క పంటిలో నొప్పి పోటు పెడుతున్నా, వారం దాటినా తగ్గకుండా పెరుగుతున్నా, చిగురు వాచినా, జ్వరం వచ్చినా, వైరు కొస బుగ్గలో గుచ్చుకుని పుండు పడినా, అది భయం ఖాతాలో వేయదగినది కాదు. వెంటనే చూపించండి.

జవాబు 2 (క్లినికల్ సైకాలజిస్టు, సికింద్రాబాద్)

డాక్టరుగారు శరీరం సంగతి చక్కగా చెప్పారు. "భయమా, నొప్పా" అన్న మీ శీర్షిక దగ్గర నేను మొదలుపెడతాను, ఎందుకంటే ఆ రెండింటినీ అలా విడదీసి అడగడం దగ్గరే చిక్కు ఉంది. నొప్పిపై పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఇంద్రియానికీ భావోద్వేగానికీ రెండింటికీ చెందిన అనుభవమని, దాని మీద శారీరక, మానసిక, సామాజిక కారణాలన్నీ పనిచేస్తాయని, ఒక వ్యక్తి తనకు నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా పేర్కొంది. భయం నొప్పిని పెంచుతుందన్నది నిజం. అలా పెరిగిన నొప్పి అబద్ధం అన్నది మాత్రం నిజం కాదు.

ఇది జరిగే తీరును మొదట వివరించినది రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్. 1965లో వారు ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, నరాల గుండా వచ్చే నొప్పి సంకేతాలు మెదడుకు చేరే దారిలో ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉంటుంది, దానిని తెరిచి మూసే అధికారం కొంత మెదడుకే ఉంటుంది. వివరాల్లో తరువాత మార్పులు జరిగినా మూల భావన నిలిచింది. పంటి నొప్పి ముఖంలోని పెద్ద నరం ద్వారా మెదడు కాండంలోకి చేరుతుంది. అక్కడే పై నుంచి వచ్చే ఆజ్ఞలు దానిని తగ్గించనూవచ్చు, హెచ్చించనూవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పనిచేసిన హెన్రీ బీచర్ అనే అమెరికన్ వైద్యుడు, పెద్ద గాయాలు తగిలిన సైనికులలో చాలామంది నొప్పి మందు అడగకపోవడం గమనించి 1946లో రాశారు. గాయపడిన సైనికుడికి ఆ గాయం యుద్ధభూమి నుంచి బయటపడే దారి. గాయం ఎంత పెద్దదన్న దానితో పాటు, ఆ మనిషికి అది ఏమని అర్థమవుతోందన్నది కూడా నొప్పిని నిర్ణయిస్తుందని ఆయన చూపారు.

మీ అమ్మాయి విషయంలో వారం ముందు నుంచే మొదలయ్యే కంగారు నాకు ముఖ్యంగా తోస్తోంది. నొప్పి గురించి విపరీతంగా ఆలోచించే స్వభావాన్ని కొలవడానికి 1995లో ఒక ప్రశ్నావళి తయారైంది. అందులో మూడు అంశాలు ఉంటాయి. నొప్పి గురించే పదే పదే తలచుకోవడం, దానిని భూతద్దంలో చూడటం, తన చేతిలో ఏమీ లేదనుకోవడం. "ఈసారి కూడా అలాగే అవుతుందేమో", "నా పళ్ళు ఊడిపోతాయేమో", "ఎవరూ ఏమీ చేయలేరు" వంటి మాటలు మీ అమ్మాయి నోట వస్తున్నాయేమో గమనించండి. పరీక్షల ఒత్తిడి, నిద్ర లేకపోవడం కూడా నొప్పిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. పదో తరగతి పిల్లలకు మన దగ్గర ఉదయం నుంచి రాత్రిదాకా ఉండే స్టడీ అవర్ల సంగతి మీకు తెలియనిది కాదు.

జ్ఞాపకం ఇంకొక అంశం. 1985లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పంటి వైద్యం పొందినవారిని మూడు నెలల తరువాత ఆనాటి నొప్పి గురించి మళ్ళీ అడిగారు. భయం ఎక్కువగా ఉన్నవారు, అప్పట్లో తాము చెప్పినదాని కంటే ఎక్కువ నొప్పి కలిగినట్టు గుర్తుపెట్టుకున్నారు. వారి జ్ఞాపకం అనుభవించిన నొప్పి కంటే ముందుగా ఊహించుకున్న నొప్పికే దగ్గరగా ఉంది. అంటే భయం నెల నెలా జ్ఞాపకాన్ని తిరగరాస్తుంది, ఆ జ్ఞాపకం మళ్ళీ భయాన్ని పెంచుతుంది. దీనికి విరుగుడుగా నేను పిల్లలతో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టిస్తాను. పది సెంటీమీటర్ల గీత గీసి, ఎడమ చివర "నొప్పి లేదు", కుడి చివర "ఇంతకు మించిన నొప్పి ఉండదు" అని రాసి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఆ గీత మీద గుర్తు పెట్టమంటాను. పరిశోధకులు వాడే కొలత కూడా ఇదే. మూడో రోజుకు గుర్తు ఎడమ వైపుకు జరిగినట్టు తన చేతి రాతలోనే కనబడితే, వచ్చే నెల కంగారు పడేటప్పుడు ఆ పేజీ తీసి చూపించవచ్చు. అది మీరు చెప్పే ధైర్యం కంటే బాగా పనిచేస్తుంది.

ధైర్యం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. "ఏం కాదులే, ఏం కాదులే" అని పదే పదే అనడం మంచిదని మనమందరం అనుకుంటాము. ఇంజెక్షన్లు, రక్తపరీక్షల సమయంలో పిల్లలను గమనించిన పరిశోధకులకు, ఆ ఓదార్పు మాటలు ఎక్కువైన చోట పిల్లల కలవరం కూడా ఎక్కువగా కనబడింది, ధ్యాస మళ్ళించిన చోట తగ్గింది. పెద్దవాళ్ళు అదేపనిగా ఓదారుస్తున్నారంటే ఏదో ప్రమాదం ఉందనే పిల్లలకు అర్థమవుతుంది. గంటకోసారి "ఇంకా నొప్పిగా ఉందా?" అని అడగడం కూడా అటువంటిదే. ఒక్కసారి "నొప్పిగా ఉంటుందని నాకు తెలుసు, రేపు సాయంత్రం దాకా ఎక్కువగానే ఉంటుంది, ఎల్లుండి నుంచి తగ్గుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పి, తరువాత ఆమెకు ఇష్టమైన పనిలో మీరూ కూర్చోండి.

అమెరికాలో 150 మంది రోగులతో జరిగి 2005లో వెలువడిన ఒక ప్రయోగం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. మొదటిసారి వైరు వేసిన తరువాత కొందరికి ఫోన్ చేసి నొప్పి గురించి ధైర్యం, సలహా చెప్పారు. మరికొందరికి ఫోన్ చేసి, నొప్పి ప్రస్తావన లేకుండా, అధ్యయనంలో పాల్గొన్నందుకు కృతజ్ఞతలు మాత్రమే చెప్పారు. మూడో గుంపుకు ఫోన్ చేయలేదు. ఫోన్ అందుకున్న రెండు గుంపులవారూ ఫోన్ రానివారి కంటే తక్కువ నొప్పిని, తక్కువ ఆందోళనను చెప్పారు. ఏం మాట్లాడారన్నది తేడా తేలేదు, ఎవరో ఒకరు పట్టించుకున్నారన్నదే తేడా తెచ్చింది. ఆ రోజు క్లినిక్కులో మీ అమ్మాయికి జరిగినది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఆమె నొప్పి చెప్పడం మానేసిందే తప్ప, నొప్పి తగ్గలేదు. సహాయకురాలు అన్న మాట తప్పని, తన నొప్పిని మీరు నమ్ముతున్నారని ఆమెతో విడిగా, సూటిగా చెప్పండి. మిగిలిన ఉపాయాలన్నీ దాని తరువాతే.

ఇవి చాలకపోతే, ఆలోచనల తీరును మార్చే చికిత్స ఉంది. 2012లో చైనాలో 450 మందిపై జరిగిన పరిశోధనలో క్లిప్పుల నొప్పికి అది ఐబుప్రోఫెన్‌తో సమానంగా ఉపశమనం ఇచ్చింది.

జవాబు 3 (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మాదాపూర్)

నేను ఉద్యోగంలో చేరాక క్లిప్పులు వేయించుకున్నాను కాబట్టి రోగి వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. ఆఫీసులో రిలీజ్ (సాఫ్ట్‌వేర్ విడుదల) ఒత్తిడి ఉన్న వారంలో వైరు మార్పించుకుంటే నొప్పి ఎక్కువగా ఉండేది, సెలవులో ఊరికి వెళ్ళే ముందు మార్పించుకుంటే ఎప్పుడు తగ్గిందో కూడా తెలిసేది కాదు. "పెళ్ళి సంబంధాలు చూస్తుంటే ఇప్పుడెందుకు ఇవి?" అని బంధువులు అడిగిన రోజులూ అంతే. పై డాక్టరుగార్లు చెప్పినది చదివాక అది ఎందుకో అర్థమైంది.

నాకు బాగా ఉపయోగపడినది, కుర్చీలో కూర్చోగానే మా డాక్టరు చేసిన ఒప్పందం. ఎడమ చేయి ఎత్తితే ఎక్కడున్నా ఆపేస్తానన్నారు. నేను ఆ చేయి ఎత్తాల్సిన అవసరం దాదాపు రాలేదు, అయినా అది నా చేతిలో ఉందన్న భావన వల్ల పిడికిళ్ళు బిగించడం మానేశాను. మీ అమ్మాయి కోసం ఇది తప్పకుండా అడిగి చూడండి.

బుగ్గకు గీసుకునే చోట వ్యాక్స్ (క్లిప్పుల మీద పెట్టే మెత్తటి మైనం) పెట్టే ముందు బ్రాకెట్‌ను దూదితో పొడిగా తుడవాలి, తడి మీద పెడితే పది నిమిషాల్లో ఊడి వస్తుంది. కందిగింజంత తీసుకుని, వేళ్ళ మధ్య మెత్తగా నలిపి, చివరి పంటి కొక్కెం మీద గట్టిగా అదమాలి. తిండి విషయంలో మొదటి రెండు రోజులు రాగిజావ, మెత్తగా ఉడికిన పప్పన్నం, పాలలో నానిన ఇడ్లీ. సంక్రాంతికి సకినాలు మాత్రం ఎంత ఆశగా ఉన్నా ముట్టుకోవద్దు. ఆ ఒక్క ముక్కతో బ్రాకెట్ ఊడితే మళ్ళీ అతికించి, మళ్ళీ వైరు బిగించి, మొదటి రోజు నొప్పి మళ్ళీ పడాల్సి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అమ్మాయితో కూర్చుని మాట్లాడాను. క్లిప్పులు తనకే కావాలట, ఆ సందేహం తీరింది. వైరు వేసేటప్పటి కంటే, మర్నాడు క్లాసులో టిఫిన్ డబ్బా తెరిచి తినలేక కూర్చోవడమే ఎక్కువ భయమట, స్నేహితురాళ్ళు చూస్తారని. ఇన్నాళ్ళూ నాకు ఈ సంగతి తెలియదు. ఆర్థోడాంటిస్టుగారికి రెండు సందేహాలు: మేము సోమవారం సాయంత్రాలు వెళ్తున్నాము, రోజు మార్చుకుంటే మేలా? మాత్ర ముందే వేయవచ్చా? డాక్టరును మార్చమని మా వారు అంటున్నారు, అది కూడా చెప్పండి.

జవాబు 1 రాసినవారు

తప్పకుండా రోజు మార్చండి. నొప్పి 24 గంటల ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి సోమవారం సాయంత్రం వైరు మారిస్తే అది సరిగ్గా మంగళవారం బడిలో, డబ్బా తినే వేళకు బాగా పెరిగి సాయంత్రానికి ముదురుతుంది. శనివారం సాయంత్రం అపాయింట్‌మెంటు అడగండి, ఆ గట్టి భాగం ఆదివారం ఇంట్లో గడిచిపోతుంది. సోమవారం డబ్బాలో చల్లటి మజ్జిగ, మెత్తటి పెరుగన్నం పెట్టండి. మొదటి నెలల్లో సాధారణంగా నోటి వేడికి బిగుసుకునే రకం వైర్లు వాడతాము. చల్లటివి తాగితే అవి కాసేపు మెత్తబడి ఒత్తిడి తగ్గుతుంది. మీ అమ్మాయికి వేసినది ఆ రకమేనా అని కనుక్కోండి.

అపాయింట్‌మెంటుకు గంట ముందు మాత్ర వేస్తే మొదటి కొన్ని గంటలు తేలికగా గడుస్తాయి. రెండో రోజుకు దాని ప్రభావం ఉండదు, కాబట్టి ఆ రోజు అవసరమైతే డాక్టరుగారు చెప్పిన మోతాదులో మళ్ళీ వేయాలి.

డాక్టరును మార్చడం గురించి తొందరపడకండి. మధ్యలో మారితే ఎక్స్‌రేలు, పళ్ళ అచ్చులు, ఇప్పటిదాకా వేసిన వైర్ల వివరాలు అన్నీ తీసుకోవాలి, చాలాచోట్ల ఫీజు మళ్ళీ మొదటి నుంచి లెక్కవుతుంది. ముందుగా మీ డాక్టరుగారితోనే, పిల్ల బయట ఉన్నప్పుడు, జరిగినది చెప్పండి. సహాయకురాలి మాట ఆయన చెవిన పడి ఉండకపోవచ్చు. ఎడమ చేయి ఒప్పందం, శనివారం అపాయింట్‌మెంటు, మర్నాడు ఒక్క ఫోన్ అడగండి. వాటికీ ఒప్పుకోకపోతే అప్పుడు రెండో అభిప్రాయం తీసుకోండి. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆర్థోడాంటిక్స్ విభాగం ఉంది. ఉదయమే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి, పాత ఎక్స్‌రేలు వెంట ఉంచుకోండి.